నేను కోసిన నాలుగు తోకలు

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే బస్సులో కూర్చుంటే, సగం దారిలో ఒక కొండ నెత్తిన ఎరుపూ తెలుపూ పట్టీల సెల్ టవరు కనిపిస్తుంది. అక్కడికి రాగానే బస్సులో మీ వయసు వాళ్ళందరూ ఒక్కసారిగా ఫోన్లు బయటికి తీస్తారు. సిగ్నల్ వచ్చిందని మీకు సంతోషం. నాకు ఒళ్ళు మండుతుంది. మీ మీద కాదులెండి. అది లేవడానికి ఏం చేశామో మీకు తెలియదు, తెలిసిన వాళ్ళలో ఒకడు ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ ఒకణ్ణి నేనే.

పోయిన నెల మా పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఆత్మకూరులో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి రాసివ్వండి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటాం" అన్నారు. అడ్డం తిరిగిన దూడను ఎట్లా బయటికి తీశానో, కడుపుబ్బిన ఎద్దును ఎట్లా బతికించానో రాస్తానని వాళ్ళ ఆశ. ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరుగా చేశాను, అలాంటివి నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. అవన్నీ నేను గొప్పవాణ్ణని చెప్పే కథలు, ఎవరైనా రాసిస్తారు. నేను తోకలో ఇరుక్కున్న ముళ్ళకాయల గురించి రాస్తున్నాను. నవ్వొస్తే ఇప్పుడే నవ్వేయండి.

నాది సంగం పక్కన పల్లె. కాలవ నీళ్ళ కింద, వరి మళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. ఆ టవరున్న మెట్ట సీమలో పశువుల ఆసుపత్రికి నన్ను వేసినప్పుడు, ఏ తప్పూ చేయకుండానే శిక్ష పడిందనుకున్నాను. ఎటు చూసినా రాళ్ళు, కంప, దుమ్ము. రోజుకు రెండు బస్సులు, అందులో ఒకటి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మూడేళ్ళయినా ఆ ఊరు నాకు ఒంటబట్టలేదు. ఆత్మకూరుకు బదిలీ చేయించుకోవాలని నేను తిరగని ఆఫీసు లేదు, దండం పెట్టని మనిషి లేడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇక ముందు నేను చేసిన ప్రతి వెధవ పనికీ మూలం ఇదే.

మా డాక్టరుగారికి మూడు ఆసుపత్రుల బాధ్యత. వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో సూదీ నేనే, కట్టూ నేనే, సర్టిఫికెట్టూ నేనే. నేను రాసిన కాగితం కింద ఆయన చదవకుండానే సంతకం పెట్టేవారు. అంత నమ్మకం నా మీద.

అప్పుడు మొదలైంది టవరు పని. కొండ మీదికి దారి లేదు, మనిషి నడిచే కాలిబాట తప్ప. ఇసుక, సిమెంటు, కంకర, ఇనప కమ్మీలు, చివరికి కాంక్రీటు కలిపే నీళ్ళు కూడా పైకి మోయాల్సిందే. కూలీలు రెండు రోజులు మోసి, మూడో రోజు మొహం చాటేశారు. అప్పుడు ఎవరో కంచరగాడిదలామె సంగతి చెప్పారు.

కంచరగాడిదను మీలో సగం మంది చూసి ఉండరు. తల్లి గుర్రం, తండ్రి గాడిద. గుర్రానికున్న ఒడ్డూ పొడుగూ, గాడిదకున్న ఓపికా రెండూ వస్తాయి. పిల్లలు మాత్రం పుట్టవు. ఆమె భర్త పటాలంలో చేరి మంచు కొండల్లో వీటి వెంట నడిచినవాడు. రిటైరై వచ్చేటప్పుడు అందరిలా ట్రంకుపెట్టెతో రాకుండా, ఉత్తరాది సంతలో నాలుగింటిని కొని లారీలో ఎక్కించుకొచ్చాడు. దారి లేని కొండ పల్లెలకు రాయీ ఇసుకా మోసే పని పెట్టుకున్నాడు. ఆయన పోయాక అమ్మేసుకోమని అందరూ చెప్పినా ఆమె వినలేదు. ఆయన నేర్పిన పని ఆయన లేకుండా చేసుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేది. చుట్టుపక్కల ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ కంచరగాడిదలామె.

కంపెనీ పనిలో పెట్టుకోవాలంటే పశువులకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్నారు. అది రాయడానికి వెళ్ళి ఆమెను మొదటిసారి చూశాను. కొండ కింద నీళ్ళు నిలవని ఒక కుంట ఉంది, టవరు పనివాళ్ళ మకాం దాని గట్టు మీద. వానలకు కుంట నిండా మరులమాతంగి లేచింది. పేరు తెలియకపోయినా చెట్టు మీకు తెలుసు. గోలీకాయంత కాయ, ఒళ్ళంతా కొక్కెం ముళ్ళు, పంచెకు అంటుకుంటే చిరిగిందాకా వదలదు. నాలుగూ ఆ కుంటలో మేసి వచ్చేసరికి తోకల నిండా అవే. ఆమె ఒకదాని పక్కన నిలబడి, తోకను తన తొడ మీదికి లాక్కుని, అరచేతిలో ఆముదం పోసుకుని ఒక్కో కాయా తీస్తోంది. తీసినదాన్ని తీసినట్టు ఒక పాలపొడి డబ్బాలో వేస్తోంది.

"ఏంటమ్మా, కత్తెర లేదా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "చిన్నప్పుడు నీ నెత్తిన పేలు పడితే మీయమ్మ ఏం చేసింది సారూ? పేలు తీసిందా, నెత్తి కోసిందా?"

అక్కడున్న కూలీలు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా పశువుల మధ్య తిరిగినవాణ్ణి, ఇదేం బ్రహ్మవిద్య అనుకుని, చొక్కా చేతులు మడిచి రెండో దాని వెనక నిలబడి, కనిపించిన కాయను పట్టుకుని గుంజాను. దాని కాలు ఎప్పుడు లేచిందో తెలియదు. నా చేతిలో మందుల సంచి ఎగిరి కుంటలో పడింది. సంచి అడ్డం లేకపోయుంటే నా మోకాలు ఎగిరేది.

"గాడిద ఎనక నిలబడగూడదని ఎవురూ చెప్పలేదా సారూ నీకు? ఇట్రా, పక్కకు రా" అని ఆమె నా మోచెయ్యి పట్టుకుని దాని తొడకు ఆనించి నిలబెట్టింది. "నీ ఒళ్ళు దానికి తగలతా ఉండాల. అప్పుడు నువ్వెక్కడుండావో దానికి తెలస్తాది, బెదరదు. కొన నించి పైకి రా. పైనించి కిందికి గుంజితే చిక్కు ముడి పడతాది. కాయను లాగబాక. ఎంటికల్నే కాయ లోంచి లాగు."

ఆ చివరి మాట నాకు ఇప్పటికీ పని చేస్తుంది. కాయను లాగకూడదు, వెంట్రుకలను ఒక్కో పాయగా కాయలోంచి విడిపించాలి. ఒక తోకకు అరగంట పట్టేది. అది సోకు కోసం చేసేది కాదు. వీపు మీది జీను దిగుడులో ముందుకు జారకుండా తోక కింద నుంచి ఒక తోలు పట్టీ పోతుంది. ఆ పట్టీ కింద ఒక్క ముళ్ళకాయ ఉన్నా, బరువుతో కొండ దిగే పశువుకు అడుగడుగునా పొడుచుకుంటుంది. అట్లాగని తోక కోసేస్తే ఈగలు తోలుకునే దిక్కు ఉండదు. అందుకే ఆమె పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుగు తోకలూ విడదీసేది. డబ్బాలో కాయలన్నీ పొయ్యిలో పోసేది, మళ్ళీ మొలిచి ఇంకొకరి పశువును పట్టుకోకుండా. నేను ఆ రోజు సగం తోక చేశాను. చూసి, "బొటాబొటి పాసు" అంది.

తర్వాత ఆ వైపు పనిబడినప్పుడల్లా అక్కడ ఆగేవాణ్ణి. ఆ మూడేళ్ళలో ఆ ఊళ్ళో నాకు మనసు నిలిచిన చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. అదీ నేనే చెడగొట్టుకున్నాను.

సైట్ ఇంజనీరు ఎక్కడో టౌను నుంచి వచ్చినవాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు, రెండింటికీ అక్కడ సిగ్నల్ లేదు. ఆయనకు తోకల పని చూస్తే కడుపు మండేది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. అంతసేపు తోకలు దువ్వుకుంటూ కూర్చుంటే రోజుకు ఒక నడక తగ్గిపోతోందని ఆయన బాధ. కోసెయ్యమని ఆమెకు రెండుసార్లు చెప్పాడట. ఆమె వినలేదు. సర్కారు మనిషి చెబితే వింటుందని ఎవరో సలహా ఇచ్చారు.

ఒకరోజు జీపులో ఆసుపత్రికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని ముందు తోక మాట ఎత్తలేదు. "మీ బదిలీ సంగతి మా కాంట్రాక్టరు బావగారి చెవిన వేశాను సార్. ఆత్మకూరులో ఆయన మాట దాటేవాళ్ళు లేరు" అన్నాడు. నేను టీ తెప్పించాను. టీ సగం తాగాక అడిగాడు. "తోకవి ఉత్త వెంట్రుకలే గదా సార్? కోస్తే నొప్పేం ఉండదు గదా? మళ్ళీ మొలుస్తాయి గదా?"

"మొలుస్తాయి" అన్నాను.

అబద్ధం కాదు. ఎన్నాళ్ళకు మొలుస్తాయో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఈగలు తోలేంత పొడుగు పెరగాలంటే ఏళ్ళు పడుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. ఆ గ్లాసు గుర్తొస్తే ఇప్పటికీ దాన్ని నా మొహానే కొట్టుకోవాలనిపిస్తుంది.

మరునాడు పొద్దున మెడలో స్టెతస్కోపు వేసుకుని మకాంకు వెళ్ళాను. తోక కోయడానికి స్టెతస్కోపు ఎందుకని మీరు అడగొచ్చు. ఆమె ముందు నిలబడడానికి నాకు ఏదో ఒక అడ్డం కావాల్సి వచ్చింది.

"కోసేస్తే పోతుందమ్మా. నీకూ శ్రమ తగ్గుతుంది" అన్నాను.

"వద్దు సారూ."

"ఈగలకు మందు పూస్తాంలే."

"వద్దు. మందు చెమటకు కారిపోతాది. తోక కారిపోదు."

"నేను చెబుతున్నా గదమ్మా, ఏం కాదు."

"వద్దంటా ఉండాను గదా సారూ."

మూడుసార్లు. నేను లెక్కపెట్టుకున్నాను, అప్పుడు కాదు, తర్వాత ఇన్నేళ్ళూ. పక్కనే నిలబడి ఉన్న ఇంజనీరు అందుకుని, "అయితే నీ గాడిదల్ని తోలుకుని ఇప్పుడే వెళ్ళిపో" అన్నాడు. ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఇంకో పని లేదు, కుంటలో తప్ప మేత లేదు. ఆమె నాలుగింటినీ ఒకసారి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"అయితే నువ్వే కొయ్యి. నా చేతుల్తో నేను కొయ్యను."

కట్లు కోసే ఆసుపత్రి కత్తెరతో కోశాను. ఆమె నేర్పినట్టే పక్కన నిలబడి, తొడకు ఆని, బెదరకుండా కోశాను. ఆ విద్యను మొట్టమొదట అట్లా వాడుకున్నాను. నాలుగు తోకలకు పావుగంట కూడా పట్టలేదు. ఇంజనీరు వాచీ చూసుకుని నా భుజం తట్టాడు. ఆమె కిందపడిన వెంట్రుకలను కాయలతో సహా ఏరి డబ్బాలో కుక్కి పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. నుదుట తెల్ల మచ్చ ఉన్నది ఒకటుండేది, చుక్కది అనేవాళ్ళు, అదే ముందు నడిచేది. దాని తొడ మీద ఈగ వాలింది. తోక ఊపింది. ఈగకు ఏమీ తగల్లేదు. మళ్ళీ ఊపింది. నేను బండి స్టార్టు చేసుకుని వచ్చేశాను.

పది రోజులకు ఆమె నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. వానలు ఆగి ఎండ కాస్తోంది, జోరీగలు ముసిరే రోజులు. "చుక్కదానికి పట్టీ ఒరుసుకోని పుండు పడింది సారూ. ఈగలు దాన్ని పీక్క తింటా ఉండాయి. నడస్తా నడస్తా నిలబడిపోయి కాళ్ళు ఇదిలిస్తాది. ఆ ఇరుకు దోవలో నాకు బయంగా ఉండాది. మూడు దినాలు నిలపమని రాసియ్యి. నువ్వు రాస్తే వాళ్ళు ఇనాల."

నిజమే. నేను రాస్తే వాళ్ళు వినాలి. నాలుగు వాక్యాలు, ఒక స్టాంపు, అంతే పని. కానీ నా బదిలీ ఫైలు ఆ వారమే కదిలిందని కబురు వచ్చి ఉంది. వేపనూనె సీసా, పుండుకు పూసే మందు చేతిలో పెట్టి, "సాయంత్రం పూయి, సరిపోతుంది" అన్నాను. ఆమె సీసా వెలుతురుకు పట్టి చూసి, కొంగులో కట్టుకుని మళ్ళీ అంత దూరమూ నడిచిపోయింది.

దాని తర్వాత నాలుగో రోజు పొద్దున పది గంటలప్పుడు ఒక కూలీ బండి మీద వచ్చి గుమ్మంలోనే అరిచాడు. "చుక్కది పడిపోయినాది సార్. ఆమెక్కూడా దెబ్బ తగిలినాది."

దారిలో అంతా చెప్పాడు. కొండ సగంలో ఒక మలుపు ఉంది, ఒక పక్క బండ, ఒక పక్క లోయ. చుక్కదాని వీపు మీద రెండు వైపులా ఇనప కమ్మీలు. మలుపులో ఈగలు పుండు మీద ముసిరాయి. తోక లేదు, మరేం చేస్తుంది, తొడ కొరుక్కోవడానికి మెడ వెనక్కి తిప్పింది. కమ్మీల కొస బండకు కొట్టుకుంది, ఒళ్ళు లోయ వైపు తూలింది. ఆమె పగ్గం వదల్లేదు. వదిలుంటే ఆమెకు ఏమీ అయ్యేది కాదు. పగ్గానికీ రాయికీ మధ్య ఆమె కుడిచెయ్యి నలిగిపోయింది. 108కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మకాంలో జీపు ఉంది, ఇంజనీరు ఇవ్వలేదు. రిపోర్టు రాయకుండా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడట.

నేను పైకి వెళ్ళేసరికి చుక్కది మలుపు కింద రాతి పలక మీద పడి ఉంది. నడుము విరిగింది. కళ్ళు తెరిచే ఉంది, ఊపిరి బుసలు కొడుతోంది. ఆమె దాని పక్కన కూర్చుని ఉంది. కుడిచేతిని కొంగుతో మెడకు కట్టుకుంది, కొంగంతా రక్తం. ఎడమచేతిలో కానుగ కొమ్మ. దాని పుండు మీద ఈగలు వాలకుండా విసురుతూ ఉంది. నేను కోసేసిన తోక పనిని ఆ మనిషి ఒక చెయ్యి విరిగి కూడా చేస్తోంది.

"దీని సంగతేంది సారూ?"

"లేవదమ్మా."

"అయితే దానికి బాద లేకుండా తొందరగా పంపించు."

అందుకు కావలసిన మందు డాక్టరుగారి బీరువాలో ఉంటుంది, తాళం ఆయన దగ్గర, ఆయన కలిగిరిలో క్యాంపులో ఉన్నారు. "ఆ మందు నా దగ్గర లేదమ్మా" అన్నాను.

ఆమె నన్ను చూసి, "కత్తెర మాత్రం ఉండాది" అంది.

నొప్పికి ఒక సూది వేశాను. అంత పెద్ద ఒంటికి అది ఏ మూలకు. ముందు నువ్వు కిందికి దిగు అని ఎంత చెప్పినా ఆమె లేవలేదు. మూడు గంటలప్పుడు చుక్కది దానంతట అదే పోయింది. అప్పుడు కొమ్మ కింద పెట్టింది.

ఇంజనీరు ఒక కాగితం పట్టుకుని నా కోసం చూస్తున్నాడు. చుక్కదానికి ఇంకా ప్రాణం ఉండగానే రాసి పెట్టుకున్నాడు. "ఇది మీ అక్షరాలతో, మీ లెటర్‌ప్యాడ్ మీద రాసివ్వండి సార్. పైనుంచి అడుగుతారు. ఆమె వేలిముద్ర పడగానే జీపు ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరుతుంది" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత బరువు అని అన్నీ ఉన్నాయి. చివరి వాక్యానికి ముందు ఇంకొక వాక్యం ఉంది: 'యజమానురాలి కోరిక మేరకే తోక వెంట్రుకలు కత్తిరించడమైనది, తదుపరి సంరక్షణలో ఆమె అశ్రద్ధ వలన ఈ ప్రమాదం సంభవించినది.'

చించి వాడి మొహాన కొట్టి ఉండాల్సింది. ఆ జీపు తాళం లాక్కుని ఉండాల్సింది. పదిమంది కూలీలు నిలబడి చూస్తున్నారు, నేను ఒక్క మాట అంటే నా వెనక వచ్చేవాళ్ళే. నేను బండ మీద కూర్చుని, పెన్ను తీసి, చేతిరాత బాగుండాలని చూసుకుంటూ కాపీ చేశాను. ఆమె చెయ్యి పోతోంది, తొందరగా జీపు కదలాలి, అందుకే రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే కారణమైతే ఈ కాగితం ఈ రోజు రాయాల్సిన పని ఉండేది కాదు.

"చదివి వినిపించండి సార్, రేపు తెలియదనకుండా" అన్నాడు ఇంజనీరు.

ఆమె ముందు నిలబడి చదివాను. తేదీ చదివాను, చోటు చదివాను, కమ్మీల బరువు చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చి, దాన్ని వదిలేసి, చివరి వాక్యం చదివేశాను. ఇంజనీరు నోరెత్తలేదు, ఆయనకు అదే నచ్చింది.

ఆమె కాగితం వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. "అంతేనా సారూ?"

"అంతేనమ్మా."

ఇంజనీరు స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాడు. ఆమె ఎడమ బొటనవేలు అద్ది, నేను చూపించిన చోట పెట్టింది.

ఆ కాగితంతో ఆమెను పనిలోంచి తీసేశారు. అశ్రద్ధ మనిషని పేరు పడ్డాక ఇంకే కాంట్రాక్టరూ పిలవలేదు. మేత లేక రెండింటిని అమ్మేసుకుంది. ఆసుపత్రికి ఆలస్యంగా చేరినందువల్ల చెయ్యి సరిగా అతకలేదు, వేళ్ళు మడత పడవు. టవరు లేచింది. పెద్దలు వచ్చి రిబ్బను కోశారు, కొబ్బరికాయ కొట్టారు, ఎవరో మొదటి ఫోన్ చేసి హలో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నెలలోనే నాకు ఆత్మకూరు ఆర్డరు వచ్చింది. పదకొండేళ్ళు అక్కడే చేసి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. వక్తలందరూ నన్ను మూగజీవాల మనిషని పొగిడారు. నేను సిగ్గులేకుండా దండం పెట్టాను.

రిటైరైన రెండో ఏడు ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆ కత్తెర చప్పుడు మరీ ఎక్కువైంది. ఒక ఆదివారం బస్సెక్కి ఆమె ఊరు వెళ్ళాను. ప్రార్థన అయిపోయి జనం ఇళ్ళకు వస్తున్నారు. ఆమె ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో బైబిలు తెరుచుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంటోంది.

ఆమె తల ఎత్తి, జోడు సవరించుకుని, "రా కాంపౌండర్ సారూ" అంది. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

"నీకు చదువు వచ్చామ్మా?"

"మిషన్ బళ్ళో ఏడు దాకా చదివినాను."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు నువ్వు బండమీద కూచోని రాస్తా ఉంటే నీ ఎనకనే గదా నిలబడుండాను. మొత్తం చదివినాను. నువ్వు పైకి చదవతావో లేదో చూద్దామని ఊరుకున్నాను. చదవలేదు. పోనీ ఇంగో అదును ఇద్దామని 'అంతేనా' అని అడిగినాను. అంతేనన్నావు."

"తెలిసి వేలిముద్ర ఎందుకు వేశావమ్మా?"

"సంతకం పెట్టేదానికి కుడిచెయ్యి ఏడుండాది? జీపు కావాల నాకు. నువ్వు చదవనిదాన్ని నేను చదివితే వాడు జీపిస్తాడా?"

ఆ కాగితం మీద వేలిముద్ర చూసి ఆఫీసులో అందరూ చదువురాని మనిషనుకున్నారు. నేనూ అనుకున్నాను. చెయ్యి విరిగిందని కళ్ళారా చూసినవాణ్ణి, నేనూ అదే అనుకున్నాను.

"తప్పు చేశాను. క్షమించమ్మా" అన్నాను. ఏడుపు వచ్చింది.

"ఏడవబాక. క్షమించే సంగతి దేవుణ్ణడుగు, ఆయనకు తీరికుంటాది" అని ఆమె లేచి ఇంటి పక్కకు నడిచింది. అక్కడ ఒక్క కంచరగాడిద మిగిలి ఉంది, ముసలిది. తోక మళ్ళీ మోకాళ్ళ దాకా పెరిగింది. దాన్నిండా మరులమాతంగి కాయలు. "నా ఏళ్ళు మడత పడవు. ఈ ముళ్ళు తీసేదానికి నాకు దినమంతా పడతా ఉండాది. ఊరికే నిలబడబాక, పట్టుకో."

పక్కన నిలబడి, తొడకు ఆని, కొన నుంచి పైకి తీశాను. పాలపొడి డబ్బా అదే. ఆమె మంచం మీద కూర్చుని చూస్తోంది. అయిపోయిందనుకున్నాక వచ్చి తోకను ఎడమచేత్తో పాయలు పాయలుగా తడిమి, ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇది వదిలేసినావు" అంది. తర్వాత అడిగింది, "ఆ కాగితంలో మాట మార్చగలవా సారూ? నేను పోయినాంక కూడా అది అట్నే ఉంటాది గదా."

మార్చలేకపోయాను. ఆఫీసుకు వెళ్తే ఫైలు మూసేశామన్నారు. రిటైరైనవాడు పాత రిపోర్టు మార్చే రూలు లేదన్నారు. పై ఆఫీసులో అయితే ఒకాయన నవ్వి, "గాడిద తోక కోసం ఇంత దూరం వచ్చారా సార్?" అన్నాడు. ఆ కుర్చీలో ఇరవై ఏళ్ళ కింద నేనున్నా అదే అనేవాణ్ణేమో, అందుకే నాకు ఇంకా మండింది.

అందుకని మీకిస్తున్నాను. మరిచిపోలేని కేసు అడిగారు గదా, గ్రూపులో పెట్టుకోండి. రేపు మీ ముందుకూ ఎవరో ఒకరు టీ తాగుతూ ఒక కాగితం జరుపుతారు, అప్పటికి ఇది మీకు గుర్తుంటే చాలు. ఇంకొక పని కూడా చేయండి. ఎప్పుడైనా సీతారామపురం బస్సెక్కితే, టవరు కనిపించినప్పుడు ఫోన్ తీసి ఈ కింది నాలుగు మాటలు చదవండి. ఆ రిపోర్టులో ఉండాల్సినవి ఇవి.

యజమానురాలు మూడుసార్లు వద్దన్నా నాలుగు తోకలూ నేనే కోశాను. పుండు పడింది, మూడు రోజులు నిలపమని ఆమె అడిగితే, నా బదిలీ కోసం నిలపలేదు. ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. అశ్రద్ధ నాది.

పైకి, బస్సులో అందరికీ వినపడేలా చదవండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు.